రెండిట్లో ఒకటే మార్చండి, చెల్లెమ్మా

ప్రశ్న: అన్నా, మాది కావలి. ఆర్టీసీ బస్టాండు దగ్గర జిరాక్స్, డీటీపీ షాపు నడుపుకుంటున్నాను. రెండు కంప్యూటర్లు ఉన్నాయి. ఒకదాంట్లో పేజ్‌మేకర్, అను ఫాంట్లు. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, సంతాప పత్రికలు దాంట్లో చేస్తాను. రెండోది నెట్ పనికి. పిలకాయల అప్లికేషన్లు, హాల్ టికెట్లు, వాట్సాప్‌లో వచ్చే ఫైళ్ళ ప్రింట్లు అన్నీ దాంట్లోనే. రెండూ ఐ3 నాలుగో జనరేషన్, 4 జీబీ ర్యామ్, విండోస్ 10. సపోర్ట్ అయిపోయిందని స్క్రీన్ మీద వస్తోంది. విండోస్ 11 వీటికి ఎక్కదంట. రిపేరు చేసే అబ్బాయి రెండూ తీసేసి కొత్తవి కొనమంటాడు, లేదంటే ఏదో చేసి 11 ఎక్కిస్తానంటాడు. బీటెక్ చదివే మా పాప లైనక్స్ మింట్ వేద్దాం, డబ్బు ఖర్చు లేదు అంటుంది. మా ఆయనేమో 'ఇది షాపు, ఆడుకునే బొమ్మ కాదు' అంటాడు. నాకు టెన్షన్‌గా ఉంది. లైనక్స్ వేస్తే పని ఆగిపోతుందా? ప్రింటర్లు క్యానన్ ఎల్‌బీపీ 2900 ఒకటి, ఎప్సన్ ఇంకు ట్యాంకుది ఒకటి.
– ఒక చెల్లెలు, కావలి

జవాబు: చెల్లెమ్మా, ఏ కంప్యూటర్ మీద ఏ పని చేస్తారో మీరు విడివిడిగా రాశారు. చాలామంది కంప్యూటర్ మోడల్ చెబుతారు, పని చెప్పరు. మీరు పని చెప్పారు కాబట్టి నేనూ సూటిగా చెప్పగలుగుతున్నాను. నెట్ పని చేసే కంప్యూటర్‌లో విండోస్ తీసి లైనక్స్ మింట్ వేయండి. లైనక్స్ అంటే విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్, మింట్ అందులో ఒక రకం. అను ఫాంట్లున్న కంప్యూటర్ జోలికి వెళ్ళొద్దు, దానికి నెట్ మాత్రం పీకేయండి. కొత్తవి ఇప్పుడు కొనాల్సిన పని లేదు. ఒక కంప్యూటర్ విషయంలో మీ పాప చెప్పింది కరెక్టు, రెండోదాని విషయంలో మీ ఆయన చెప్పింది కరెక్టు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నేను చేసిన ఒక పొరపాటు. విండోస్ 7 రోజుల్లో చీమకుర్తిలో గ్రానైట్ పాలిష్ యూనిట్ నడిపే మా బంధువు ఒకాయన, ఆఫీసు కంప్యూటర్ వైరస్‌తో నత్తలా నడుస్తోందని నన్ను పిలిచాడు. నేను ఉత్సాహంగా ఒంగోలు నుంచి బండేసుకుని వెళ్ళి, సాయంత్రానికల్లా లైనక్స్ వేసిచ్చాను. ఫైళ్ళన్నీ జాగ్రత్తగా తీసి మళ్ళీ పెట్టాను. కంప్యూటర్ గాలిలా తేలిపోయింది, ఆయన సంతోషపడ్డాడు. తెల్లారి అకౌంటెంట్ వచ్చి కూర్చుని, "ట్యాలీ ఎక్కడుందండీ?" అని అడిగాడు. ట్యాలీకి లైనక్స్ వెర్షన్ లేదు. డేటా భద్రంగా ఉంది, తెరిచే దారే లేదు. మూడు రోజులు ఆ పెద్దమనిషి లారీ బిల్లులు నోట్ బుక్కులో రాసుకున్నాడు. నాలుగో రోజు నేనే వెళ్ళి విండోస్ మళ్ళీ వేశాను. ఆ అకౌంటెంట్ నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అందుకే ఇప్పటికీ గుర్తు. అప్పటి నుంచి ఎవరు అడిగినా ముందు ఒక తెల్ల కాగితం తీసుకుని, పొద్దున షట్టర్ తీసింది మొదలు రాత్రి వేసేదాకా కంప్యూటర్‌తో ఏమేం చేస్తారో రాయమంటాను. మీరూ ఒక వారం రాయండి. ఉత్తరంలో రాయనివి నాలుగైనా బయటపడతాయి.

ముందు విండోస్ సంగతి తేల్చుకుందాం. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ముగిసింది. ఆ రోజుతో కంప్యూటర్ ఆగిపోదు, కొత్తగా బయటపడే లోపాలకు మరమ్మతులు రావు, అంతే. అయితే ఆ మరమ్మతులు ఇంకో ఏడాది, 2026 అక్టోబర్ 13 దాకా అందే ఏర్పాటు మైక్రోసాఫ్ట్ పెట్టింది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లోపలికి వెళ్ళి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే దానికి డబ్బు కట్టక్కర్లేదు. విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరమని అడుగుతుంది. కాబట్టి రేపే ఏదో మునిగిపోతుందన్న కంగారు వద్దు.

విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో జనరేషన్ నుంచే ఎక్కుతుంది, టీపీఎం 2.0 అనే చిప్పు కూడా ఉండాలి. మీ ఐ3 నాలుగో జనరేషన్ 2013 నాటిది. ఆ అబ్బాయి చెప్పినట్టు అడ్డదారిలో ఎక్కించవచ్చు. కానీ అలా ఎక్కించినదానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. పైగా 4 జీబీ ర్యామ్ మీద, పాత హార్డ్ డిస్క్ మీద అది మీ ఓపికను పరీక్షిస్తుంది. ఇక యాక్టివేట్ చేయడానికి క్రాక్ (లైసెన్స్ కొనకుండా నడిపించే దొంగ ప్రోగ్రాం) లాంటిదేమైనా వేస్తానంటే అసలు ఒప్పుకోవద్దు. మీ షాపులో జనం ఆధార్ నంబర్లు, ఓటీపీలు, బ్యాంకు వివరాలు కొడతారు. ఎవరు తయారుచేశారో తెలియని క్రాక్ ఉన్న కంప్యూటర్ మీద వాళ్ళ చేత అవి కొట్టించడం తప్పు.

ఇప్పుడు డీటీపీ కంప్యూటర్‌ని ఎందుకు కదిలించవద్దన్నానో చెబుతాను. మీరు అనులో టైపు చేసిన మ్యాటర్‌ని ఎప్పుడైనా వాట్సాప్‌లో పేస్ట్ చేసి చూశారా? తెలుగు పోయి ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు గజిబిజిగా వస్తాయి. అను ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మల్ని పెట్టుకుని పనిచేస్తాయి కాబట్టి అలా జరుగుతుంది. తలకట్టు ఒకచోట, ఒత్తు ఒకచోట ఉంటుంది. మీరు మీట నొక్కగానే ఏ ముక్క ఎక్కడ పడాలో అను స్క్రిప్ట్ మేనేజర్ అనే ప్రోగ్రాం మధ్యలో నిలబడి చూసుకుంటుంది. ఫోన్లలో, వెబ్‌సైట్లలో ఉండే యూనికోడ్ తెలుగు వేరు. అందులో 'అ' అనే అక్షరానికే సొంతంగా 0సీ05 అనే నంబరు ఉంది, ఏ ఫాంట్ పెట్టినా అది 'అ'గానే ఉంటుంది. లైనక్స్‌కి యూనికోడ్ తెలుగు బాగా వచ్చు. అను స్క్రిప్ట్ మేనేజర్, పేజ్‌మేకర్ మాత్రం విండోస్‌వే. వైన్ అనే సాఫ్ట్‌వేర్‌తో కొన్ని విండోస్ ప్రోగ్రాములు లైనక్స్‌లో నడుస్తాయి, మీ పాప దాని గురించి వినే ఉంటుంది. కానీ కీబోర్డును మధ్యలో పట్టుకుని పనిచేసేవాటిని అలా నమ్మలేం. ముహూర్తం నాలుగు రోజుల్లో ఉందనగా కార్డు ప్రూఫు కోసం ఆడపెళ్ళి వాళ్ళు షాపులో కూర్చుని ఉంటే, ఒత్తు ఎందుకు పడట్లేదని మీరు వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

కాబట్టి ఆ కంప్యూటర్‌కి నెట్ కేబుల్ పీకేయండి, వైఫై ఉంటే పాస్‌వర్డ్ మరిపించండి. పెళ్ళి కార్డు కంపోజ్ చేయడానికి నెట్ అవసరం లేదు. నెట్ లేకపోతే సపోర్ట్ లేని విండోస్‌కి ఉన్న ప్రమాదంలో పెద్ద భాగం పోతుంది. మిగిలే దారి పెన్ డ్రైవ్. దాని సంగతి కొంచెం ఆగి చెబుతాను, ఎందుకంటే మీకు లైనక్స్ వల్ల కలిగే అసలు మేలు అక్కడే ఉంది. ఈలోపు ఆ కంప్యూటర్‌లోని పాత కార్డుల ఫైళ్ళన్నీ ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి ఇంట్లో పెట్టుకోండి. కంప్యూటర్ ఎంత పాతదో హార్డ్ డిస్కూ అంత పాతదే అయితే, విండోస్ సపోర్ట్ కన్నా ఆ డిస్క్ మీదే నాకు ఎక్కువ భయం.

లైనక్స్ అంటే అంతా కమాండ్లు, నల్ల స్క్రీను అని మీ రిపేరు అబ్బాయి అన్నా ఆశ్చర్యపోను. ఒకప్పుడు అది నిజమే. 1991లో ఫిన్లాండ్‌లో హెల్సింకి యూనివర్సిటీ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లైనక్స్ కెర్నెల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) మీదే మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ కూడా నడుస్తోంది. మింట్‌ని 2006లో క్లెమెంట్ లెఫెవ్ర్ అనే ఆయన మొదలుపెట్టాడు. మామూలు మనుషులు కూర్చుని పని చేసుకోవాలన్నదే దాని ఉద్దేశం. కింద పట్టీ, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం, అంతా మీకు అలవాటైన అమరికే. కేరళ ప్రభుత్వ స్కూళ్ళలో పిల్లలు ఎన్నో ఏళ్ళుగా లైనక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. మన దగ్గర స్వేచ్ఛ సంస్థ వాళ్ళు తెలుగులోనే ఒక లైనక్స్ తయారుచేశారు. పదో తరగతి పిల్లలు నేర్చుకోగలిగింది, పేజ్‌మేకర్‌తో కుస్తీ పట్టే మీకు రాకపోదు.

విండోస్ పోలిక ఇంకా ఎక్కువ కావాలనేవాళ్ళకి నేను జోరిన్ అనే ఇంకో రకం లైనక్స్ చెబుతాను. దాని 18వ వెర్షన్ సరిగ్గా విండోస్ 10 సపోర్ట్ ముగిసిన రోజే వచ్చింది. కానీ మీ 4 జీబీ ర్యామ్‌కి మింట్‌లోనే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తేలిక. మింట్‌లో సినమన్, మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ అని మూడు రకాలుంటాయి, అందం, బరువు తేడా తప్ప లోపల సరుకు ఒకటే. 22 సిరీస్ తీసుకుంటే 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి.

పని మొదలుపెట్టేముందు ఇన్‌స్టాల్ చేయకుండా చూడండి. మింట్ సైట్ నుంచి ఫైలు దించుకోవాలి, సుమారు 3 జీబీ ఉంటుంది. ఖాళీ చేసిన 8 జీబీ పెన్ డ్రైవ్‌లోకి రూఫస్ అనే చిన్న ప్రోగ్రాంతో దాన్ని ఎక్కించాలి. పెన్ డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, అది గుర్తుపెట్టుకోండి. తర్వాత కంప్యూటర్ ఆన్ చేస్తూనే డెల్, లెనోవో, ఏసర్ అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎస్కేప్ కొట్టి ఎఫ్9 నొక్కితే దేని నుంచి మొదలవ్వాలో అడుగుతుంది. పెన్ డ్రైవ్ ఎంచుకుంటే మింట్ తెరుచుకుంటుంది. మీ హార్డ్ డిస్క్ మీద ఒక్క అక్షరం మారదు. తీసేసి మళ్ళీ ఆన్ చేస్తే ఎప్పటి విండోసే. పెన్ డ్రైవ్ నుంచి నడుస్తుంది కాబట్టి కొంచెం నెమ్మదిగా ఉంటుంది, దాన్ని బట్టి అంచనా వేయొద్దు.

అలా ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని మీ కాగితంలోని పనులు ఒక్కొక్కటే చేసి చూడండి. నెట్ వస్తోందా, వాట్సాప్ వెబ్ తెరుచుకుంటోందా, మీరు ఎక్కువగా వాడే అప్లికేషన్ సైట్లలో ఫోటో అప్‌లోడ్ అవుతోందా. ఇవన్నీ ఫైర్‌ఫాక్స్‌లోనో క్రోమ్‌లోనో జరిగే పనులు కాబట్టి తేడా దాదాపు ఉండదు. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ గుచ్చి చేసే పని మీ కాగితంలో ఉంటే మాత్రం ఆగండి. ముందు ముందు వేలిముద్ర మెషీన్ పెట్టే ఆలోచన ఉన్నా అంతే, ఆ కంపెనీ వాళ్ళని లైనక్స్‌లో నడుస్తుందా అని అడిగాకే అడుగు వేయండి.

ఇక ప్రింటర్లు. మీకు నిజంగా చిక్కు వచ్చేది ఇక్కడే, దాచిపెట్టను. ఎప్సన్ ఇంకు ట్యాంకు ప్రింటర్లకి లైనక్స్ డ్రైవర్లు ఉన్నాయి, సాధారణంగా గుచ్చగానే గుర్తుపడుతుంది. క్యానన్ ఎల్‌బీపీ 2900 మంచి ప్రింటర్, మన జిల్లాల్లో ఏ జిరాక్స్ షాపులో చూసినా అదే. కానీ అది క్యాప్ట్ అనే సొంత పద్ధతిలో మాట్లాడుతుంది. దాని లైనక్స్ డ్రైవర్ పాతది, ఔత్సాహికులు రాసిన డ్రైవర్ ఇంకోటి ఉంది. ఇంట్లో నెలకు నాలుగు పేజీలు తీసుకునేవాళ్ళయితే ప్రయత్నించమనేవాణ్ణి. హాల్ టికెట్ల రోజున బయట ఇరవై మంది నిలబడే షాపులో దాన్ని నమ్ముకోమని చెప్పలేను.

అందుకని ఎల్‌బీపీ 2900ని డీటీపీ కంప్యూటర్‌కే ఉంచండి. ఎప్సన్‌ని మింట్‌కి కలపండి. నెట్‌లో దిగే ఎక్కువ ప్రింట్లు ఎప్సన్ మీద తీయండి. పెద్ద ప్రాజెక్టు, నూట యాభై పేజీలు లేజర్ మీద కావాలంటే పీడీఎఫ్ చేసి పెన్ డ్రైవ్‌లో అటు తీసుకెళ్ళండి. ఇది కొంచెం చాకిరీయే. ఆ ప్రింటర్ పాతబడి కొత్తది కొనే రోజున, బాక్స్ మీద ఎయిర్‌ప్రింట్ అని ఉందో లేదో చూడండి. ఉన్నది అయితే డ్రైవర్ గొడవ లేకుండా లైనక్స్‌తో కలుస్తుంది, ఫోన్ నుంచి కూడా ప్రింట్ తీయొచ్చు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మీ పాపకి ఒక మాట చెప్పండి. పాత హార్డ్ డిస్క్‌ని చెరపొద్దు. కొత్తగా 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన డిస్క్) ఒకటి కొని, కంప్యూటర్ ఆపి, పవర్ ప్లగ్ తీసి, పాత డిస్క్‌కి ఉన్న రెండు కేబుళ్ళు పీకి ఎస్‌ఎస్‌డీకి తగిలించమనండి. ఇప్పుడు 'డిస్క్ మొత్తం చెరిపి ఇన్‌స్టాల్ చెయ్' అన్న ఆప్షన్ నొక్కినా పోయేది ఏమీ లేదు. ఒక డిస్క్‌ని రెండు భాగాలు చేసి రెండు సిస్టమ్‌లు పెట్టడం కుదురుతుంది గానీ, మొదటిసారి చేసేవాళ్ళు డేటా పోగొట్టుకునేది ఆ విభజన దగ్గరే. పాత డిస్క్‌ని విండోస్‌తో సహా ఒక కవర్‌లో చుట్టి బీరువాలో పెట్టండి. మింట్ నచ్చకపోతే అదే రెండు కేబుళ్ళు మార్చి బిగిస్తే పది నిమిషాల్లో పాత షాపు పాత షాపే. మీ ఆయనకి ఈ విషయం ముందే చెప్పండి, ఆయన భయం సగం తగ్గుతుంది. ఎస్‌ఎస్‌డీ పడగానే ఆ పాత ఐ3 ఎంత చురుగ్గా లేస్తుందో మీరే చూస్తారు. వీలైతే పాతదో కొత్తదో ఇంకో 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ కూడా వేయించండి. బ్రౌజర్‌లో పదీ పదిహేను ట్యాబులు తెరిచే షాపు కదా, అది పనికొస్తుంది.

రోజు కూడా చూసి ఎంచుకోండి. నోటిఫికేషన్ చివరి తేదీ దగ్గరున్న వారంలో పెట్టుకోవద్దు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకు వాయుగుండాలు, ఎప్పుడు కరెంటు పోతుందో తెలియదు కాబట్టి యూపీఎస్ లేకుండా ఇన్‌స్టాల్ మొదలుపెట్టవద్దు.

పెన్ డ్రైవ్ సంగతి చెబుతానన్నాను కదా. మీ షాపులో ఈ దృశ్యం మీరు వందసార్లు చూసుంటారు. జవహర్ భారతి కాలేజీలో చదివే పిల్లాడొకడు ప్రాజెక్టు ప్రింట్ కోసం పెన్ డ్రైవ్ ఇస్తాడు. తెరిస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారి ఉంటాయి, మూల చిన్న బాణం గుర్తుతో. వాడి ముఖం మాడిపోతుంది. డబుల్ క్లిక్ చేస్తే వైరస్ మీ కంప్యూటర్‌లోకి ఎక్కి, తర్వాత వచ్చిన ప్రతి పెన్ డ్రైవ్‌కీ అంటుకుంటుంది. అదే పెన్ డ్రైవ్ మింట్‌లో గుచ్చండి. ఆ షార్ట్‌కట్లు విండోస్ కోసం రాసినవి, ఇక్కడ అవి చచ్చిన ఫైళ్ళు. విండోస్‌లో దాచేసిన ఫైళ్ళు ఇక్కడ మామూలుగానే కనిపిస్తాయి కాబట్టి, పేరు లేకుండా ఒక ఫోల్డర్ కనబడుతుంది. చాలాసార్లు వాడి ప్రాజెక్టు మొత్తం అందులో భద్రంగా ఉంటుంది. దాన్ని బయటికి తీసి ఇచ్చినప్పుడు ఆ పిల్లాడి మొహం చూడాలి.

ఇందులో నియమం ఒకటి పెట్టుకోండి. బయటి నుంచి వచ్చే ఏ పెన్ డ్రైవూ డీటీపీ కంప్యూటర్‌కి తగలకూడదు. ముందు మింట్‌లో గుచ్చాలి, కావాల్సిన పీడీఎఫ్, ఫోటో మాత్రమే షాపు సొంత పెన్ డ్రైవ్‌లోకి తీసుకోవాలి, ఆ పెన్ డ్రైవే అటు వెళ్ళాలి. దానికి ఎర్ర రిబ్బన్ కట్టుకోండి, హడావిడిలో చెయ్యి పొరబడకుండా ఉంటుంది. మింట్ ఆ వైరస్‌ని చంపదు, తాను మాత్రం దెబ్బతినదు. అందుకని ఫోల్డర్ మొత్తం కాపీ చేస్తే వైరస్ కూడా వెంట వెళ్తుంది. ఫైలు ఫైలుగానే తీసుకోండి.

ఇంకోటి, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఒకసారి ఒంగోలులో ఒక నెట్ సెంటర్‌లో ప్రింట్ కోసం కూర్చున్నాను. నా ఫైలు వెతుక్కుంటూ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే, ఎవరెవరివో ఆధార్ కార్డులు, టెన్త్ మెమోలు, కుల ధ్రువీకరణ పత్రాలు, ఒకావిడ బ్యాంక్ పాస్‌బుక్ మొదటి పేజీ ఫోటో. నెలల తరబడి పేరుకున్నవి. ఆ సెంటర్ వాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు, తుడిచే తీరిక లేదు. నాకు మాత్రం ఆ కుర్చీలో ఇబ్బందిగా అనిపించింది. మన మీద నమ్మకంతో ఇచ్చిన కాగితాలు కదా అవి.

మింట్‌లో దీనికి చక్కటి దారి ఉంది. లాగిన్ విండో అనే సెట్టింగ్‌లో యూజర్స్ భాగంలో గెస్ట్ సెషన్ అనుమతించు అని ఉంటుంది, అది ఆన్ చేయండి. కస్టమర్ పని గెస్ట్‌లో చేయండి. అప్లికేషన్ నింపి, ప్రింట్ తీసి, కావాలంటే వాళ్ళ ఫోన్‌కి పంపి, లాగౌట్ కొట్టగానే ఆ సెషన్‌లో దించిన ఫైళ్ళు, పాస్‌వర్డ్లు, బ్రౌజర్ చరిత్ర అన్నీ మాయం. మళ్ళీ తెచ్చుకోలేం కాబట్టి, ఇవ్వాల్సింది ఇచ్చేశాకే లాగౌట్ కొట్టాలి. మీ వాట్సాప్, మీ సొంత లెక్కలు మీ అకౌంట్‌లో వేరుగా ఉంటాయి. కావాలంటే గోడ మీద ఒక కాగితం అంటించండి, 'మీ కాగితాలు మా కంప్యూటర్‌లో ఉంచుకోము' అని. అది చూసి మీ దగ్గరికే వచ్చేవాళ్ళుంటారు.

రోజువారీ పనుల్లో మీకు ఎదురయ్యే తేడాలు కొన్ని. వర్డ్ ఫైళ్ళు లిబ్రె ఆఫీస్‌లో తెరుచుకుంటాయి. రెజ్యూమె, ఉత్తరాల వరకు ఫర్వాలేదు. అరవై పేజీల ప్రాజెక్టులో మాత్రం ఫాంట్ లేకపోతే వరసలు జరిగి, విషయసూచికలో 23 అని ఉన్నది 24వ పేజీలో తేలుతుంది. బైండింగ్ అయ్యాక అది చూసుకుంటే గొడవ మీ మీద పడుతుంది. టైమ్స్ న్యూ రోమన్, ఏరియల్ లాంటి మైక్రోసాఫ్ట్ ఫాంట్లు మింట్ సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచే వేసుకోవచ్చు, కాలిబ్రి బదులు అదే కొలతలున్న కార్లిటో వేసుకోండి. అయినా పెద్ద ప్రాజెక్టులకి 'పీడీఎఫ్ చేసి పంపు నాయనా' అని చెప్పడమే మంచి పద్ధతి.

సర్టిఫికెట్ల స్కానింగ్ మీకు ఇప్పటికన్నా హాయిగా ఉంటుంది. డాక్యుమెంట్ స్కానర్ అని చిన్న ప్రోగ్రాం మింట్‌లోనే వస్తుంది. వరసగా ఐదు కాగితాలు స్కాన్ చేసి ఒకే పీడీఎఫ్‌గా దాచుకోవచ్చు. పేజీలు అటూ ఇటూ మార్చడానికి, రెండు పీడీఎఫ్‌లు కలపడానికి పీడీఎఫ్ అరేంజర్ వేసుకోండి. ఫోటో 50 కేబీ లోపు కావాలంటే జింప్ అనే ఫోటో ప్రోగ్రాంలో జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ప్రివ్యూ టిక్ పెట్టండి. క్వాలిటీ తగ్గిస్తూ పోతే సైజు ఎంతకు దిగిందో అక్కడే కనిపిస్తుంది.

తెలుగు టైపింగ్‌కి మెనూలో ఇన్‌పుట్ మెథడ్ అన్నచోట తెలుగు ఎంచుకుని వేసుకోవాలి. అందులో ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్ కీబోర్డులన్నీ ఉంటాయి. మీ వేళ్ళకి ఆపిల్ అలవాటైతే అదే పెట్టుకోండి, కొత్తలో కొన్ని రోజులు వేళ్ళు తడబడతాయి. అర్జీలు, ఒప్పంద పత్రాలు, స్కూలు ప్రశ్నపత్రాలు ఇక యూనికోడ్‌లో చేయడం మొదలుపెట్టండి. మండలి, రామభద్ర, సూరన్న లాంటి చక్కటి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. అలా చేసిన అర్జీని కస్టమర్‌కి వాట్సాప్‌లో పంపినా తెలుగు తెలుగుగానే వెళ్తుంది. పెళ్ళి కార్డులు అనులోనే ఉండనివ్వండి. ఆ అక్షరాల ఒంపు జనానికి అలవాటు, దాన్ని మార్చే తొందర మీకు లేదు.

పెట్టిన మొదటి రోజే టైమ్‌షిఫ్ట్ అనేది ఆన్ చేయించండి. ఏదైనా అప్‌డేట్ తేడా చేస్తే నిన్నటి స్థితికి తిప్పుకోవచ్చు. కొత్త ప్రోగ్రాం వేసినప్పుడల్లా పాస్‌వర్డ్ అడుగుతుంది, అది షాపు పుస్తకంలో కాకుండా ఇంట్లో రాసి పెట్టుకోండి. ప్రోగ్రాములు ఎప్పుడూ సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచే వేయాలి, గూగుల్‌లో వెతికి దొరికిన చోటల్లా దించుకునే పాత అలవాటు మానాలి.

మీ పాపకి కూడా ఒక బాధ్యత ఉంది. వేసిచ్చి కాలేజీకి వెళ్ళిపోతే కుదరదు. మొదటి రెండు వారాలు రోజూ సాయంత్రం పావుగంట మీ పక్కన కూర్చోవాలి. తను మౌస్ పట్టుకోకూడదు, మీ చేతే చేయించాలి. 'ఇది ఎక్కడుందే' అని మీరు అడిగిన ప్రతిదీ ఒక నోట్ బుక్కులో తెలుగులో రాసి, షాపులో పెట్టాలి. మీ ఆయనకి కూడా ఆ పుస్తకం చూసి ఒక్క ప్రింట్ తీసేంత వచ్చిందంటే, మీరు ఊరికెళ్ళిన రోజున షట్టర్ వేయాల్సిన పని ఉండదు.

ముందు ఈ ఆదివారం ఆ పెన్ డ్రైవ్‌తో మింట్ తెరిచి, ఎప్సన్‌కి ఒక్క టెస్ట్ పేజీ ఇచ్చి చూడండి. పేజీ వస్తే ఎస్‌ఎస్‌డీ కొనండి. రాకపోతే ఏమీ కొనకుండా, ప్రింటర్ వెనక ఉన్న మోడల్ నంబరు, స్క్రీన్ మీద వచ్చిన మాట ఉన్నదున్నట్టు నాకు రాయండి.